పాలంపేట అడవి పటం – ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలో భూగోళశాస్త్రం చెప్పేటప్పుడు స్థలాకృతి పటానికి ఒకటి రెండు పీరియడ్లు కేటాయిస్తారు. గోధుమరంగు గీతలు సమోన్నత రేఖలనీ, నీలం గీతలు వాగులనీ, ఎర్రనివి దారులనీ, ఆకుపచ్చ అంతా అడవి అనీ విద్యార్థులు వల్లెవేస్తారు. పరీక్షలో గుర్తులు గీసి మార్కులు తెచ్చుకుంటారు. కాని ఆ పటాన్ని గీసినవాడు ఎక్కడ నిలబడి చూశాడు, కంటికి కనబడనిదాన్ని ఏమి చేశాడు అనే ప్రశ్న తరగతిలో వినిపించటం అరుదు. ఒక నవల అచ్చయితే పదిమంది విమర్శకులు దాని మంచిచెడ్డలు చెబుతారు. రెండు వందల ఏళ్ళ శ్రమతో తయారయిన పటానికి ఆపాటి గౌరవమైనా దక్కటం లేదు. ఆ లోటు కొంత తీర్చటానికే ఈ వ్యాసం. ఇందులో సమీక్షిస్తున్న గ్రంథం పాలంపేట నుండి తూర్పుగా గోదావరి దాకా వ్యాపించిన గుట్టలను, ఏటూరునాగారం అభయారణ్యాన్ని చూపే పటం.

పాలంపేట అనగానే రామప్పగుడి గుర్తుకు వస్తుంది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన ఆ గుడిని 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఊరు లోగడ వరంగల్లు జిల్లాలోనిది, 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది. ఇక్కడి గుట్టలు ఎత్తయినవి కావు. హిమాలయాలు చూసివచ్చినవారు వీటిని కొండలని కూడా అనరేమో. అయినా వాగుల కోతలతో, టేకు, మద్ది, ఇప్ప, వెదురుతో నిండిన ఈ ప్రదేశం సర్వేవారిని హిమాలయాలకు తీసిపోనంతగా బాధించింది.

ముందుగా పటం అమరిక చూద్దాము. భారత సర్వే శాఖవారి పాత పద్ధతిలో దేశాన్ని నాలుగేసి డిగ్రీల చదరాలుగా విభజించి వాటికి అంకెలు ఇచ్చారు. ఒక్కొక్క చదరంలో డిగ్రీకి ఒకటి చొప్పున పదహారు గళ్ళు, వాటికి ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కొక్క గడిలో మళ్ళీ పావు డిగ్రీకి ఒకటి చొప్పున పదహారు షీట్లు. తూర్పు రేఖాంశం 76 నుండి 80 డిగ్రీలు, ఉత్తర అక్షాంశం 16 నుండి 20 డిగ్రీలు గల చదరం అంకె 56. దాని తూర్పు పక్కది 65. రామప్పగుడి 18 డిగ్రీల 15 నిమిషాల అక్షాంశానికి ఒక కిలోమీటరు ఉత్తరాన, 80 డిగ్రీల రేఖాంశానికి ఆరు కిలోమీటర్ల పడమర ఉన్నది. అనగా ఊరు నాలుగు షీట్లు కలిసే మూలకు దగ్గరగా పడింది. గుడి 56 ఎన్/15లో ఉంటుంది. గుడికి దక్షిణాన పరచుకున్న చెరువు గీత దాటి 56 ఎన్/16లోకి పోతుంది. తూర్పుగా అడవిలోకి రెండు గంటలు నడిస్తే 65 బి/3 కావాలి. కొంచెం దక్షిణంగా జరిగితే 65 బి/4 కావాలి. ఏటూరునాగారం ఊరు చూడాలంటే 65 బి/7.

గుడి, చెరువు, పొలం ఒకే ఆలోచనతో పుట్టినవని చరిత్ర పాఠంలో చెబుతాము. పటంలో మాత్రం ఒకదానిని ఒక కాగితంలోనూ, మరొకదానిని మరొక కాగితంలోనూ వెతకాలి. ఇది ఎవరి తప్పూ కాదు. అక్షాంశాలకు గుళ్ళతో, చెరువులతో పని లేదు. ఈ అక్షాంశం దగ్గర పావు డిగ్రీ షీటు సుమారు 730 చదరపు కిలోమీటర్ల నేలను పడుతుంది. అభయారణ్యం మొత్తం 800 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఉన్నది, అంటే ఒక షీటుకన్న కొంచెమే పెద్దది. అయినా అది పలు షీట్లలో ముక్కలుగా పడటంవల్ల దాన్ని ఒక్క చూపులో చూచే భాగ్యం మామూలు పాఠకునికి లేకపోయింది. ఉపాధ్యాయుడు షీట్లు పక్కపక్కన అతికించి గోడకు తగిలించే దాకా ఈ అడవికి ఒక ఆకారం ఉన్నదని విద్యార్థికి తెలియదు.

ఇక రచయితల సంగతి. పటానికి అస్థిపంజరం వంటిది త్రికోణమితి సర్వే. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ గొలుసుతో ఒక ఆధారరేఖను కొలిచి, ఆ ఒక్క పొడవు మీద కోణాలతో త్రిభుజాలు పేర్చుకుంటూ దక్షిణాపథమంతా నడిచాడు. ఆయన వాడిన పెద్ద థియోడొలైట్ బరువు అర టన్ను. ఒక్క భుజం కొలిచి, మిగిలినవన్నీ కోణాల ద్వారా లెక్కకట్టటమే ఈ పద్ధతిలోని తెలివి. కోణం కొలవాలంటే మాత్రం ఒక కొండ మీదనుండి రెండవ కొండ కనిపించి తీరాలి.

1818 చివర లాంబ్టన్ కు సహాయకుడుగా హైదరాబాదు వచ్చిన యువకుడు జార్జి ఎవరెస్టు. మరుసటి ఏడు అతన్ని కృష్ణా గోదావరుల నడుమ, హైదరాబాదుకు తూర్పున ఉన్న అడవులకు పంపారు. వానాకాలంలో పంపటానికి కారణం ఉన్నది. ఎండాకాలంలో దుమ్ము, పొగ గాలిలో నిలిచి దూరపు కొండలు మసకగా కనిపిస్తాయి. వాన వెలిసిన తరువాత గాలి కడిగినట్లు ఉండి ముప్పై నలభై కిలోమీటర్ల దూరపు జెండా కూడా దూరదర్శినిలో చక్కగా తెలుస్తుంది. కాని గాలిని కడిగే వానే గుంటలు నింపుతుంది. ఎల్లాపురం అని ఎవరెస్టు రాసుకున్న అడవిలో అతనికి, వెంట ఉన్న భూగర్భశాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసేకు, బృందంలోని చాలామందికి తీవ్రమైన జ్వరం పట్టుకున్నది. కొందరు దారిలోనే చనిపోయారు. మిగిలినవారిని హైదరాబాదునుండి పల్లకీలు, ఏనుగులు పంపి తీసుకురావలసివచ్చింది. ఎవరెస్టు కోలుకోవటానికి దక్షిణాఫ్రికాలోని కేప్ కు వెళ్ళాడు. అడవిగాలిలోని విషమే ఇటువంటి జ్వరాలకు కారణమని అప్పటివారి నమ్మకం. మలేరియా మూలం దోమలో ఉన్నదని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, అదీ సికిందరాబాదులో. అడవిలో పడినవారికి ఆ ఊరు అంత దూరమేమీ కాదు. దూరమంతా డెబ్భయి ఎనిమిది సంవత్సరాలలో ఉన్నది.

1823లో లాంబ్టన్ హింగన్ ఘాట్ లో మరణించాక ఎవరెస్టే సర్వేకు అధిపతి అయినాడు. తరువాతి కాలంలో రాత్రివేళ దీపాలు పెట్టించి కోణాలు కొలిపించే పద్ధతిని విస్తారంగా వాడాడు. రాత్రి గాలి నిలకడగా ఉంటుంది. పైగా కాంతి వక్రీభవనం ఎక్కువై, పగలు నేల ఒంపు చాటున ఉండే దీపం కూడా పైకి లేచి కనిపిస్తుంది. వానకోసం అడవిలో కాచుకోవలసిన పని తగ్గింది. 1830 నాటి లెక్కలలో భూమి ఆకారానికి అతను ఇచ్చిన కొలతలనే మన పాత షీట్లన్నీ ఆధారంగా తీసుకున్నాయి. దానినే ఎవరెస్టు గోళాభం అంటారు. ఇప్పటి ఉపగ్రహాల లెక్కలు మరొక గోళాభం మీద నడుస్తాయి. అందుచేత పాత షీటులోని అక్షాంశ రేఖాంశాలను చేతి ఫోనులో కొట్టి చూస్తే పాలంపేట దగ్గర రెండు వందల మీటర్ల ప్రాంతంలో తేడా వస్తుంది. విద్యార్థి పటం తప్పనీ, ఫోను ఒప్పనీ తీర్పు చెప్పకూడదు. రెండూ భూమిని వేరువేరు అచ్చులో పోసి చూస్తున్నాయి.

కొండ మీదనుండి కొండను చూచే పద్ధతిలోని బలహీనతను తెలుసుకోవటానికి చిన్న లెక్క చాలు. చదునైన నేలకు 100 మీటర్ల ఎత్తున్న గుట్ట మీద పరిశీలకుడు నిలుచున్నాడు. అతనికి 5 కిలోమీటర్ల దూరంలో 50 మీటర్ల ఎత్తున్న మరొక గుట్ట అడ్డంగా ఉన్నది. అతని చూపు ఆ రెండవ గుట్ట శిఖరాన్ని తాకుతూ సాగితే ప్రతి 5 కిలోమీటర్లకు 50 మీటర్ల చొప్పున దిగి, 10 కిలోమీటర్ల దగ్గర నేలను తాకుతుంది. అంటే గుట్ట వెనుక 5 కిలోమీటర్ల నేల అతనికి కనబడదు. ఇప్పుడు ఆ రెండవ గుట్ట మీద 20 మీటర్ల టేకు చెట్లు పెరిగి ఉన్నాయనుకోండి. చూపు 70 మీటర్ల ఎత్తున సాగాలి. అది నేలను తాకేది 16 కిలోమీటర్లు దాటిన తరువాతనే. చాటు 5 నుండి పదకొండున్నర కిలోమీటర్లకు పెరిగింది! సరూప త్రిభుజాలు నేర్చిన తొమ్మిదవ తరగతి విద్యార్థి దీన్ని కాగితం మీద రుజువు చేయగలడు. చెట్టు అనేది పటానికి అలంకారం కాదు, అడ్డుతెర.

ఈ చాటునేలను నింపే పని ప్లేన్ టేబుల్ బల్ల మోసుకుని నడిచిన చిన్న ఉద్యోగులది. వారు వాగు వెంట దిగి, గూడెంలో దారి అడిగి, చెట్లు నరికించి చూపుకు సందు చేసుకుని గీతలు గీశారు. ఎక్కడ నడిచారో అక్కడ పటం నమ్మదగినది. నడవనిచోట వాగు మెలికలను, గుట్ట అంచులను ఊహతో కలపక తప్పలేదు. అచ్చయిన తరువాత చూచి గీసిన గీతకు, ఊహించి కలిపిన గీతకు రంగులో గాని మందంలో గాని తేడా ఉండదు. ఒక చరిత్రకారుడు ఈ విధంగా రాస్తే మనము ఊరుకోము. ఏది శాసనంలో ఉన్నది, ఏది నీ ఊహ అని అడుగుతాము. పటాన్ని కూడా అదే అడగాలి.

నడిచినవారికి ఏమి కనిపించిందో చెప్పటానికి ఒక ఉదాహరణ చాలు. త్రికోణమితి సర్వేలో పనిచేసిన మల్హెరన్ అనే ఉద్యోగి గోదావరి తీరపు అడవులలో పని చేస్తుండగా కాటాపూర్, మల్లూరు అనే ఊళ్ళ దగ్గర పెద్దపెద్ద బండలతో కట్టిన ప్రాచీన సమాధులు, వాటి నడుమ శిలువ ఆకారంలో నిలిపిన ఏకశిలలు చూశాడు. ఆ వార్త 1868లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి కార్యకలాపాల సంచికలో వచ్చింది. కాటాపూర్ నేటి తాడ్వాయి మండలంలోనిది, మల్లూరు మంగపేట మండలంలోనిది. ఆ పక్కనే దామరవాయి గుట్టల మీద ఉన్న రాతిగూళ్ళను చూడటానికి ఇప్పుడు చరిత్ర విద్యార్థులు వస్తున్నారు. లండనులో జేమ్స్ ఫెర్గూసన్ 1872లో ప్రచురించిన గ్రంథంలో మల్హెరన్ చూచిన రాళ్ళను ప్రస్తావించి, శిలువ ఆకారాన్ని బట్టి అవి క్రైస్తవుల గుర్తులని ఊహించి, అందుచేత ఈ సమాధులు క్రీస్తు తరువాత చాలా కాలానికి కట్టినవని వాదించాడు. తరువాతి పురాతత్వజ్ఞులు ఆ వాదాన్ని అంగీకరించలేదు. ఆ రాళ్ళు చేతులు చాచిన మనిషి రూపాన్ని పోలినవని, దక్షిణాపథపు ఇటువంటి సమాధులలో అధికభాగం ఇనుపయుగానికి, అనగా క్రీస్తుకు పూర్వపు శతాబ్దాలకు చెందినవని ఇప్పుడు భావిస్తున్నారు.

ఫెర్గూసన్ పొరపాటు మనకు ఇక్కడ ముఖ్యం కాదు. ముఖ్యమైనది, ఇంత పెద్ద విశేషాన్ని ఈ అడవినుండి బయటి లోకానికి తెచ్చినవారిలో ఒక సర్వే ఉద్యోగి ఉండటం. గీత గీయటానికి వచ్చినవాడు రాయిని చూశాడు. కాని అతను చూచినది పండితుల సంచికలోకి వెళ్ళింది. పటంలో ప్రాచీన స్థలానికి దొరికే చోటు ఒక చిన్న గుర్తు, రెండు మాటలు మాత్రమే. రాయి ఆకారమేమిటి, ఎన్ని ఉన్నాయి, పక్క ఊరివారు దాన్ని ఏమంటారు అనే వివరాలకు అక్కడ తావు లేదు. మైలుకు ఒక అంగుళం చొప్పున గీసిన పటంలో నేల అరవై మూడు వేల రెట్లు తగ్గుతుంది. పది మీటర్ల ఇల్లు అందులో మిల్లీమీటరులో ఆరవవంతు. ఈ మాత్రం చోటులో దేనిని ఉంచాలి, దేనిని వదలాలి అన్నది కొలత కాదు, ఎంపిక. సర్వేవారి ఎంపికలో దారి, వాగు, బావి, అడవి సరిహద్దు ముందు నిలిచాయి. సైన్యానికి, శిస్తుకు, కలపకు కావలసినవి అవి. మేడారమే చూడండి. రెండేళ్ళకు ఒకసారి నాలుగు రోజులు లక్షలమంది చేరే జాతర స్థలం అది. ఏడాదిలో మిగిలిన రోజుల ఇళ్ళ లెక్క ప్రకారం చూస్తే పటానికి అది చిన్న పల్లె.

విమర్శ అంటే తప్పులు ఎన్నటమే కాదు గనుక, ఈ పటంలోని ఉత్తమమైన పుటను కూడా చూపాలి. అది రామప్ప చెరువు. సమోన్నత రేఖలను చెరువు చుట్టూ వేలుతో అనుసరించి చూడండి. దక్షిణాన రేఖలు విడివిడిగా విచ్చుకుని ఉంటాయి, ఆ పల్లంలోకి వాగులు వస్తాయి. కట్ట దగ్గరకు వచ్చేసరికి రెండు వైపుల గుట్టలు దగ్గరపడతాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందట కట్టకు ఆ చోటు ఎందుకు ఎన్నుకున్నారో ఒక్క మాట రాయకుండానే పటం చెబుతున్నది. తక్కువ పొడవు కట్టతో ఎక్కువ నీరు నిలపాలంటే అంతకు మించిన స్థలం లేదు. లక్నవరం, పాకాల షీట్లు తెచ్చుకుని పోల్చి చూస్తే కాకతీయుల కాలపు ఇంజనీర్లకు సమోన్నత రేఖలు గీయటం తెలియకపోయినా వాటిని నేల మీదనే చదవటం వచ్చునని తేలుతుంది. గులాం యాజ్దానీ 1922లో పురాతత్వశాఖ తరపున పాలంపేట గుళ్ళ మీద ప్రచురించిన గ్రంథం శిల్పాన్ని వర్ణించటంలో గొప్పది. దాని పక్కన ఈ షీట్లు పెట్టుకుని చదివితే శిల్పానికి తిండి పెట్టిన నీరు కూడా కనిపిస్తుంది.

కాని ఆ సమోన్నత రేఖే మరొకచోట మనలను మోసం చేస్తుంది. పాత ఒక అంగుళం పటాలలో రేఖకు రేఖకు సాధారణంగా 50 అడుగుల ఎడం. 1956 తరువాత మెట్రిక్ కొలతలు వచ్చి యాభైవేల స్కేలు పటాలు మొదలయ్యాక ఆ ఎడం సాధారణంగా 20 మీటర్లు. రెండు రేఖల మధ్య ఏమి ఉన్నదో పటం చెప్పదు. వాగు ఒడ్డున ఉన్న గూడెం నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉన్నదా, పన్నెండు మీటర్ల ఎత్తున ఉన్నదా అన్నది దాని గోధుమరంగు గీతలలో తెలియదు.

దీని విలువ ఎంతో 2023 జూలై చివర తెలిసింది. పాలంపేట ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదయింది. తెలంగాణలో ఒక రోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయి గ్రామాన్ని ముంచింది, ప్రాణనష్టం జరిగింది. వరద ఎత్తు ఎంత ఎక్కువైనా ఒక సమోన్నత రేఖ ఎడంలో కొద్ది భాగమే. అంటే ఊరు మొత్తం, వరద మొత్తం రెండు గీతల నడుమ తెల్లకాగితంలో జరిగిపోయాయి. ఇరవై మీటర్ల రేఖలు గల పటాన్ని చూచి ఏ గూడెం మునుగుతుంది, ఏది మునగదు అని నిర్ణయించటం సాధ్యం కాదు. ఆ పటం అందుకు చేసినది కాదు. వాగు ఒడ్డు ఊళ్ళకు ఒక మీటరు, అరమీటరు రేఖలతో వేరే పటాలు ఉండాలని అడగటం పటాల మీద కోపంతో కాదు, వాటి శక్తి ఎంతో తెలిసినందువల్లనే.

విమానాలు, ఉపగ్రహాలు వచ్చాక ఈ లోటు తీరిందని అనుకుంటారు. కొంత తీరింది. ఒకే నేలను రెండు చోట్లనుండి తీసిన ఫోటోలను జంటగా చూస్తే ఎత్తుపల్లాలు పైకి లేచి కనిపిస్తాయి. చాటునేల సమస్య చాలావరకు పోయింది. అయితే అడవిలో విమానానికి కనిపించేది చెట్ల నెత్తి. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక పదకొండు రోజులు తిరిగి రాడార్ తో భూమి ఎత్తులను కొలిచింది. ఆ ఎత్తులే ఇప్పుడు ఉచితంగా దొరికి, ఎన్నో పటాలకు ఆధారమవుతున్నాయి. ఆ రాడార్ తరంగాలు దట్టమైన అడవిలో నేలదాకా దిగక కొమ్మల నడుమనుండే తిరిగిపోతాయి. ఫిబ్రవరిలో మన టేకు ఆకు రాల్చుతుంది గనుక ఇక్కడ పొరపాటు కొంత తక్కువ కావచ్చు, కాని సున్న కాదు. చెట్టు ఎత్తు దాదాపు ఒక సమోన్నత రేఖ ఎడమంత ఉన్నదని ఇందాకటి లెక్కలో చూశాము. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య పెనుగాలి వీచి వందల హెక్టార్లలో వేలాది చెట్లు నేలకూలాయి. చెట్ల నెత్తిని కొలిచే పరికరానికి ఆ సాయంత్రం అక్కడ నేలే కుంగినట్లు తోచి ఉండాలి. ఎవరెస్టుకు అడ్డుపడిన తెరే అంతరిక్ష నౌకకు కూడా అడ్డుపడింది. ఒకరికి పక్కనుండి, మరొకరికి పైనుండి.

పేర్ల విషయంలో ఈ పటాలు సుమారుగానే ఉన్నాయని చెప్పక తప్పదు. నిజాము రాజ్యంలో పాలనాభాష ఉర్దూ, పటం ఇంగ్లీషు, అడవిలో మాట తెలుగు, కోయ. మూడు నోళ్ళు దాటి వచ్చిన పేరు ఒరిగి నిలబడటం సహజం. ములుగు ములుగ్ అయింది, పాకాల పాఖాల్ అయింది. దీర్ఘాలు, ళకారాలు ఎటో పోయాయి. పెద్ద ఊళ్ళ పేర్లు సరిదిద్దుకోవచ్చు. చిన్న వాగులు, గుట్టలు, మడుగుల పేర్లు పోతే వాటిలో ఉన్న సమాచారం కూడా పోతుంది. ఏ మడుగులో వేసవిలో నీరు ఉంటుంది, ఏ గుట్టకు ఏ వేలుపు ఉన్నది అన్నది చాలాసార్లు పేరులోనే ఉంటుంది.

అన్నిటికన్న బరువైన సంగతి సరిహద్దు గీతది. 1950ల తొలి సంవత్సరాలలో నాటి హైదరాబాదు ప్రభుత్వం ఏటూరునాగారం అడవులను అభయారణ్యంగా ప్రకటించింది. అంతకు ముందునుండే రిజర్వు అడవి సరిహద్దులు పటంలో చుక్కల గీతగా ఉన్నాయి. ఆ గీత పటానికి సహజమైన వస్తువు, ఎందుకంటే అది కాగితం మీదే పుట్టింది. గూడెం అలా కాదు. పోడు సాగు చేసేవారు కొన్నేళ్ళకు చోటు మార్చేవారు. సర్వే బృందం వచ్చిన ఏడు ఒకచోట ఉన్న ఇళ్ళు, పటం అచ్చయ్యేనాటికి మరొకచోట ఉండవచ్చు. కదలని గీత పటంలో నిలిచింది, కదిలే ఇల్లు జారిపోయింది. ఆ తరువాత పటంలో లేదు గనుక అక్కడ ఎవరూ ఉండేవారు కాదని వాదించటానికి దారి ఏర్పడింది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2008లో చేసిన నియమాలను ఉపాధ్యాయులు ఒకసారి చూడాలని నా కోరిక. హక్కుకు సాక్ష్యంగా ఏవి ఇవ్వవచ్చునో చెప్పేచోట పటాలు, ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. వాటితోపాటే ఇల్లు, బావి, శ్మశానం, పూజాస్థలం వంటి నేల మీది ఆనవాళ్ళు, హక్కు కోరేవారు కాక ఇతర పెద్దలు చెప్పిన మాటను రాసి పెట్టిన వాఙ్మూలం కూడా ఉన్నాయి. ఆ నియమం పటాన్ని ఒక సాక్షిగా పిలిచింది, న్యాయాధిపతిగా కాదు. శాస్త్రదృష్టితో చూచినా అదే సరి అయినది. పటంలో ఉన్నది ఉన్నదనటానికి పటం మంచి సాక్షి. పటంలో లేనిది లేదనటానికి మాత్రం, అక్కడికి ఎవరైనా నడిచివెళ్ళి చూశారని రుజువు కావాలి. మొదటి సాక్ష్యాన్ని రెండవదానికి వాడటం తర్కంలోని పొరపాటు. ఈ ఒక్క భేదం పదవ తరగతిలోపల విద్యార్థికి బోధపడితే స్థలాకృతి పటానికి ఇచ్చిన పీరియడు వృథా కాలేదని నేను అనుకుంటాను.

లోగడ ఈ షీట్లు సామాన్యులకు సులభంగా దొరికేవి కావు. 2005 జాతీయ పటాల విధానం తరువాత సర్వే శాఖ ప్రజలకోసం వేరే వరుస పటాలు ప్రచురిస్తున్నది. 2021 ఫిబ్రవరిలో నిబంధనలు మరింత సడలాయి. కొత్త వరుసలో గోళాభం మారింది, షీట్ల అంకెలు మారాయి. కనుక పాత పుస్తకంలో 56 ఎన్/15 అని చూసి కొత్త జాబితాలో వెతికేవారు తికమక పడకూడదు.

షీట్లు సంపాదించిన పాఠశాల వాటిని అద్దాల చట్రంలో పెట్టి దాచకుండా, మీద పలుచని ట్రేసింగు కాగితం పరచి విద్యార్థుల చేత రాయించవచ్చు. పేరులేని నీలం గీత ఒక్కొక్కదానికి ఊరి పెద్దలు చెప్పే పేరు తెలుగు లిపిలో రాయాలి, కోయ పేరు వేరే ఉంటే దానిని కూడా పక్కన రాయాలి. రాళ్ళగూళ్ళు చూపినవారు ఉంటే ఆ చోటు గుర్తించి, ఎవరు ఎప్పుడు చూశారో అంచున రాయాలి. చూడకుండా విన్నదానికి వేరే రంగు పెన్సిలు వాడాలి. జంపన్నవాగు ఒడ్డు పాఠశాలలైతే 2023 జూలైలో నీరు ఏ ఇంటి ఎన్నవ మెట్టుదాకా వచ్చిందో అడిగి, నీటిమట్టం గొట్టంతో ఆ మెట్లను ఒకదానికొకటి సరిచూసి గీత కలపాలి. పని అక్టోబరు తరువాత, వాగు తగ్గాక పెట్టుకోవటం మంచిది. దోమతెరలు మరచిపోవద్దు.